ఎముక నానేదాకా

"ఎనిమిది రోజులు నానబెట్టడానికి అదేమైనా పప్పా?"

తల్లి ఫైలును బల్ల మీదికి విసిరింది. గాజు స్లైడుల ట్రే గల్లుమంది. పక్క కుర్చీలో ఏడేళ్ళ పాప, కట్టు కట్టిన కాలిని కుర్చీ కిందికి లాక్కుంది.

పేథాలజీ డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు.

"ఎముక ముక్కమ్మా. యాసిడ్‌లో నాని మెత్తబడితే గానీ కత్తికి తెగదు. నిన్ననే తెగింది."

"మీకేం, కూర్చుని చెబుతారు. సర్జన్‌గారు మీ కాగితం కోసమే ఆగారు. క్యాన్సరైతే కాలు తీసెయ్యాల్సి రావచ్చట. మూడు వారాలుగా బడి లేదు, ఎక్కాలన్నీ మర్చిపోయింది."

"కాలు పోవడం కంటే ఎక్కాలు పోవడం నయం కదా."

తల్లి మొహం కందగడ్డయింది. డాక్టరమ్మ పట్టించుకోలేదు.

"ఈ కాలికి దెబ్బేమైనా తగిలిందా?"

"ఎంతమంది అడుగుతారండీ అదే ప్రశ్న? సర్జన్‌గారు అడిగారు, ఎక్స్‌రే తీసినాయన అడిగాడు, ఇప్పుడు మీరు. దీని మీద ఈగ వాలనివ్వను నేను."

డాక్టరమ్మ పాప వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బంగారం. ఎక్కడైనా పడ్డావా?"

పాప, తల్లి మొహంలోకి చూసింది. "పడలేదు."

"విన్నారుగా? ఇక ఆ రాసేదేదో రాసి పుణ్యం కట్టుకోండి."

డాక్టరమ్మ మళ్ళీ వంగింది. స్లైడు మధ్యలో కణాలు చిందరవందరగా ఉన్నాయి. ఆ ఒక్క చోటే చూసేవాళ్ళు క్యాన్సరని రాసేస్తారు. నిన్న సాయంత్రం తనూ రాయబోయింది. స్లైడును మెల్లగా పక్కకి జరిపింది. అంచుల్లో కొత్త ఎముక బుద్ధిగా వరసలు తీరుతోంది. ఈ జాతి క్యాన్సరుకి వరస తెలీదు. ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూసింది. మోకాలి కింద, వాపు చాటున, వెంట్రుకంత గీత.

"క్యాన్సర్ కాదు," అంది. "విరిగి అతుక్కుంటున్న ఎముక. అతుక్కునేటప్పుడు అచ్చం క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. మూడు వారాల కిందటి దెబ్బ. ముందే చెప్పుంటే ఈ పిల్ల కాలు కోసి ముక్క తీసే పనే ఉండేది కాదు."

తల్లి ఏడవలేదు. దణ్ణం పెట్టలేదు.

"మీరు సరిగ్గా చూడలేదు. మళ్ళీ చూడండి."

"నాలుగుసార్లు చూశాను."

తల్లి ఫైలు అందుకుని దాని తాడును వేలికి చుట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించింది.

"అయితే మెట్ల మీద పడే ఉంటుంది. భయపడి నాకు చెప్పలేదేమో. అలాగే రాయండి డాక్టరుగారూ."

"పడలేదమ్మా," అంది పాప, కాలు ఇంకాస్త లోపలికి లాక్కుంటూ, "నువ్వు అప్పడాల కర్రతో కొట్టినప్పుడు నేను ఎక్కాలు చదువుతూ కూర్చునే ఉన్నాగా."