జపాన్ శిష్యుడు

గేటు దగ్గర బూట్లు విప్పుతున్న మనిషిని చూడగానే జపాన్ భాషలో లెక్కపెడుతున్న దుర్గాశ్రీనివాస్ నోట్లో అంకె ఆగిపోయింది.

బందరు పరాసుపేటలో రేకుల షెడ్డు కింద చాన్నాళ్లుగా కరాటే నేర్పుతున్నాడతను. తన గురువుకి గురువు జపాన్‌లో ఉన్నాడని పిల్లల తల్లిదండ్రులకి చెప్పేవాడు. ఆ గురువు బందరు రాబోడన్న ధైర్యంతో చెప్పిన మాట అది. ఇప్పుడు చిన్న కళ్లు, పచ్చటి ఛాయ ఉన్న ఒకాయన షెడ్డు గుమ్మంలో నిలబడి నడుం దాకా వంగి నమస్కరిస్తున్నాడు.

వచ్చినాయన పేరు తాదో. పోర్టు పనుల్లో ఇంజనీరు. చిన్నప్పటినుంచీ కరాటే చేస్తున్నాననీ, ఇంటికి ఇంత దూరం వచ్చాక సాధన ఆగిపోయి ఒళ్లు తుప్పు పట్టినట్టుందనీ ఇంగ్లిషులో చెప్పాడు. గుడివాడలో ఒక స్కూలుకి వెళ్తే దండ వేసి, ఫొటోలు దిగి, కుర్చీలో కూర్చోబెట్టి పంపేశారట. చల్లపల్లిలో ఒక మాస్టారికి ఇతన్ని చూసిన రోజే నడుం పట్టేసిందట. అందరితోపాటు వరసలో నిలబెడితే చాలు, ఇంకేమీ వద్దన్నాడు.

రేపు చెప్తానని పంపించి, దుర్గాశ్రీనివాస్ ఇంటికొచ్చి భార్య పక్కన కూలబడ్డాడు.

"జపాన్ నుంచి తనిఖీకి పంపించారేమోనే."

వీరదుర్గ చేపలు కడుగుతూ తలెత్తలేదు. "నిన్ను తనిఖీ చెయ్యడానికి అంత దూరం నుంచి రావాలా? వద్దంటేనే అనుమానం వస్తుంది. చేర్చుకో."

చేర్చుకున్నాడు. మర్నాటినుంచి జపాన్ భాషలో లెక్కపెట్టడం మాత్రం మానేశాడు. మాతృభాషలో లెక్కపెడితేనే దెబ్బకి బలం వస్తుందని పిల్లలకి కొత్త సిద్ధాంతం చెప్పాడు. తాదో కూడా అందరితోపాటు 'ఒకటి, రెండు' అంటూ గుద్దులు గుద్దాడు.

ఊళ్లో కబురు పాకింది. షెడ్డులో చోటు చాలలేదు. 'జపాన్ వాళ్లే మా దగ్గర నేర్చుకుంటున్నారు' అని గేటుకి ఫ్లెక్సీ వెలిసింది. అందులో తాదో ఫొటో, వెనకాల ఒక మంచుకొండ. తెలుగు చదవడం రాని తాదో కొండ బాగుందన్నాడు.

కూతుర్ని దింపడానికి వచ్చే లెక్చరర్ శామ్యూల్ రాజ్ ఒకరోజు బుల్లెట్ రైలు గురించి అడిగాడు. తానెప్పుడూ ఎక్కలేదనీ, టీవీలో చూడటమేననీ తాదో చెప్పాడు. శామ్యూల్ రాజ్ ఆ వినయానికి కరిగిపోయాడు. మనవాళ్లయితే ఆ రైలు డ్రైవరు మా బావమరిదే అనేవాళ్లని చుట్టూ ఉన్నవాళ్లకి చెప్పాడు.

ఇంత గౌరవించారు గానీ, తాదోతో తలపడటానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. జోడీలు కట్టమన్నప్పుడల్లా అతనొక్కడే మిగిలిపోయేవాడు. గోడవైపు తిరిగి గాలిని గుద్దుకునేవాడు. ఒక సాయంత్రం చూసి చూసి దుర్గాశ్రీనివాసే భయపడుతూ వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. భుజం మీద గట్టి దెబ్బే తిన్నాడు, ఒకటి తిరిగి కొట్టాడు కూడా. దెబ్బ తగిలినచోట రుద్దుకుంటూ తాదో నవ్వాడు. బందరు వచ్చాక అతను అంతగా నవ్వడం అదే మొదలు. ఆ రోజునుంచి క్లాసయ్యాక ఇద్దరూ కలిసే టీ తాగేవారు.

చలికాలంలో తాదో సెలవు మీద ఇంటికి బయల్దేరాడు. అప్పటికి తెలుగు కాస్త పట్టుబడింది. వెళ్లేముందు క్లాసంతా ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

"మా ఊళ్లో మాస్టారికి చూపిస్తాను సార్. సంతోషిస్తారు."

దుర్గాశ్రీనివాస్ గబగబా అతన్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు.

"ఆ వీడియో చూపించొద్దండీ. నాకు జపాన్‌లో గురువు లేడు. అసలు ఎక్కడా లేడు. వీడియోలు చూసి నేర్చుకున్నాను. నెట్ ఆగిపోయిన చోట నా సొంతం కలిపాను. మీవాళ్లు చూస్తే ఒక్క నిమిషంలో పట్టేస్తారు. రేపటినుంచి నా దగ్గరికి ఒక్క పిల్లాడు కూడా రాడు."

తాదో ఫోన్ తీసి, దుర్గాశ్రీనివాస్ కళ్ల ముందే వీడియో చెరిపేశాడు.

"ఇక్కడ నన్ను కొట్టింది మీరొక్కరే సార్. నా మాస్టారు మీరే."

దుర్గాశ్రీనివాస్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ దేశం పేరు చెప్పుకుని ఇన్నాళ్లూ బతికానండీ. మీ దేశం తరఫున మీరే నన్ను క్షమించాలి."

"మాది అరుణాచల్ ప్రదేశ్ సార్."