పదివేల వాట్లు

"పదివేల వాట్లే! చదువుకో!"

ప్రభు ఆంప్లిఫయర్ మీది బంగారు రంగు స్టిక్కర్ని చొక్కా అంచుతో తుడిచి మరీ చెల్లెలికి చూపించాడు.

"పోయిన క్రిస్మస్‌కీ ఇవే వాట్లు కదన్నయ్యా. నా పాట రెండో చరణంలో దాంట్లోంచి పొగొచ్చింది," అంది ఫెబా.

ప్రభు మొహం మాడిపోయింది.

సాయంత్రం ఈ చర్చిలోనే కోతల పండగ. ఈసారీ మైకు ఆగిందంటే ఇక వైరు కూడా ముట్టుకోవద్దని సంఘపెద్ద ఏసోబు గారు అందరి ముందూ చెప్పేశారు. ఊళ్లో ప్రభుకున్నదల్లా 'సౌండ్ ప్రభు' అన్న పేరొక్కటే. అదీ పోయేట్టుంది.

అప్పుడే చర్చి ముందు ఆటో టైరొకటి ఠప్పుమంది.

ఆటోలోంచి ఒక ముసలాయన దిగాడు. నెత్తిన తెల్ల టోపీ, భుజాన గుడ్డసంచి. పక్క కళ్లంలో ఆరబోసిన మిర్చి ఘాటుకి రెండు తుమ్ములు తుమ్మి, మంచినీళ్ల కోసం లోపలికొచ్చాడు. నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, తిన్నగా వెళ్లి ఆంప్లిఫయర్‌ని వెనక్కి తిప్పాడు.

"తాతా, ముట్టుకోకండి! పదివేల వాట్లు!"

ఆయన పలకలేదు.

ప్రభు చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడి మళ్లీ అరిచాడు.

"ఆఁ, ఇట్టా నా మొహం చూసి మాట్లాడు అబ్బాయ్."

అబ్బో, హెడ్మాస్టరు! అనుకున్నాడు ప్రభు.

"ఈ ఫ్యూజు మీద ఎంతుంది?"

"రెండు ఆంపులు."

"ఇంట్లోకొచ్చే కరెంటు రెండొందల ముప్పై వోల్టులు. రెండుతో గుణించు."

"నాలుగొందల అరవై."

"లోపలికి నాలుగొందల అరవై వాట్లు పోతుంటే బయటికి పదివేలెట్టా వస్తాయి? మధ్యలో ఇవేమన్నా పిల్లల్ని పెట్టాయా?"

ఫెబా పకపకా నవ్వింది.

"మరి స్టిక్కరో?"

"కింద సన్నగా పీఎంపీఓ అని రాశాడు చూడు. అది నీళ్లు చల్లిన మిర్చి తూకం. ఆర్ఎమ్ఎస్ అని ఇంకోటుంటుంది, అది ఎండు మిర్చి తూకం. గంటల తరబడి ఆగకుండా ఇచ్చేది అదే. నీ డబ్బాకి అది రెండొందలు దాటదు."

పదివేలు కాస్తా రెండొందలయ్యేసరికి ప్రభు పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

ముసలాయన సంచిలోంచి మీటర్ తీసి స్పీకర్ వైర్లకి ఆనించాడు.

"నాలుగు బాక్సులూ దీని నెత్తినే కట్టావా! ఇది రెండిటినే లాగుద్ది. పోయినసారి పొగొచ్చింది అందుకే. రెండు పీకెయ్."

"రెండే ఉంటే వెనకోళ్లకి వినపడదు తాతా!"

"స్టూళ్లెక్కించు. జనం మోకాళ్లకి పెట్టావ్, చెవులకి పెట్టు."

ప్రభు రెండు బాక్సులు పీకి, మిగతా రెండూ స్టూళ్లెక్కించాక ఫెబా మైకు పట్టుకుని పాట మొదలెట్టింది.

ఆయన ఒక అరచెయ్యి బాక్సు మీద పరిచి, రెండో చేత్తో నాబ్ తిప్పుతున్నాడు. చూపు మాత్రం చివరి వరసలో బంతిపూలు గుచ్చుతున్న ప్రభు వాళ్ల నాయనమ్మ ఎలీసమ్మ మీదే ఉంది. సరిగ్గా వినపడట్లేదని ఆమె చర్చిలో పాడటం మానేసి మూడేళ్లయింది.

"సౌండెట్టా ఉంది తాతా?" ప్రభు ఆయనకి ఎదురుగా వచ్చి అడిగాడు.

"నన్నడుగుతావేంటి? ఆవిణ్ణి చూడు."

నాబ్ ఇంకాస్త తిరిగింది.

ఎలీసమ్మ చేతిలో సూది ఆగింది. తలెత్తింది. పెదాలు కదిలాయి. మనవరాలితో పాటు పాడుతోంది!

"చాలు," అని ఆయన నాబ్ పక్కన సుద్దముక్కతో గీత గీశాడు. "దీన్ని దాటనియ్యకు."

గుమ్మంలోకొచ్చిన ఏసోబు గారు అక్కడే ఆగిపోయారు.

"ఏరా, మీ నాయనమ్మ పాడుతోందే! సాయంత్రం మైకు నీదేరా, పో!"

ప్రభు ఎగిరి గంతేశాడు. చెల్లెల్ని పట్టుకుని గిర్రున తిప్పేశాడు. ఆటోలోంచి ఒకమ్మాయి వచ్చి ముసలాయన భుజం తట్టడం, ఆయన సంచి తగిలించుకుని వెళ్లిపోవడం ఆ సందట్లో ఎవరూ చూసుకోలేదు.

తీరా చూస్తే టైరు మార్చుకున్న ఆటో కదులుతోంది.

ప్రభు చెప్పుల్లేకుండానే పరిగెత్తాడు.

"తాతా! థాంక్సన్నా చెప్పనీయండి! పేరన్నా చెప్పండి! సాయంత్రం దాకా ఉండి పాటలు విని పొండి తాతా!"

ఆయన వెనక్కి తిరగలేదు.

ఇంత పొగరేంటి ఈయనకి, అని ప్రభు నొచ్చుకునేలోపు ఆ అమ్మాయి ఆటోలోంచి తల బయటపెట్టింది.

"మా తాత పేరు బుడాన్ అన్నా!" దుమ్ములోంచి ఆమె గొంతు నవ్వుతూ వినిపించింది. "ముప్పై ఏళ్లు మైక్‌సెట్ హారన్ల పక్కనే నిలబడి, రెండు చెవులూ పోగొట్టుకుని పదేళ్లయింది!"