బొరుగు ఎక్కని విమానం

పెట్టె తలుపు తీయగానే బొరుగు నాలుగు కాళ్లూ నేలకు తన్నిపట్టింది.

శరత్ చంద్ర తొందరపడలేదు. పక్కనే చాప మీద కూర్చుని, పెట్టెలో కూతురు లహరి పాత గౌను పరిచాడు. లోపలి మూలకు రెండు బిస్కెట్లు వేశాడు. కుక్క మెడ చాచి వాసన చూసింది. ముందు కాళ్లు లోపల పెట్టింది. మెల్లగా నడుము దాకా పోయింది.

అంతలో అతని భార్య సుభాషిణి వంటింట్లోంచి మంచినీళ్లు తెచ్చింది. బొరుగు ఒక్క ఉదుటున వెనక్కి దూకి మంచం కింద దూరింది.

“మజ్జాన్నం నేను కూచోబెట్టినా ఇంతే,” అంది సుభాషిణి.

లహరి పోయి ఏడాది కావస్తోంది. అయిదో ఏడు నడుస్తుండగా జ్వరం మెదడుకెక్కింది. వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు పోతే కాల్చి, బూడిద పెన్నలో కలుపుతారు. తర్వాత వెళ్లి చూడడానికి ఏమీ మిగలదు. పాలపళ్లు ఊడని బిడ్డ కనుక లహరిని ఏటిగట్టున పూడ్చారు. సుభాషిణి రోజూ పొద్దున గ్లాసుడు పాలు తీసుకుపోయి ఆ మట్టి మీద పోసి వస్తుంది. శరత్ చంద్ర ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు. పులివెందులలో దగ్గరివాళ్ల పెళ్లికి కూడా, ఏటి వంతెన దాటాలని మానుకున్నాడు.

అతను ప్రొద్దుటూరులో ఒక బంగారం అంగడిలో లెక్కలు రాసేవాడు. ఈ మధ్య లెక్కలు కుదరడం లేదు. రాత్రులు నిద్ర లేదు. అలాంటప్పుడు మస్కట్ నుంచి కబురు వచ్చింది. అక్కడి నగల అంగడిలో ఇదే పని. ఉండడానికి ఇల్లు ఇస్తారు. భార్యను కూడా తెచ్చుకోవచ్చు.

“ఈ ఊర్లో ఉంటే నేను బతకను సుభా. తెల్లారితే భయమైతాంది. యాడికన్నా పోదాం.”

సుభాషిణి అతని ముఖం చూసింది. బుగ్గలు లోపలికి పోయాయి. తలూపింది.

“పోదాం. బొరుగును ఇడ్సిపెట్టి మాత్రం నేను రాను. అది పాప పెంచుకున్నది.”

అతను సరేనన్నాడు. కుక్కలను విమానాల్లో పంపే ఏజెంటు బెంగళూరులో ఉన్నాడని తెలిసి ఆ రోజే ఫోన్ చేశాడు. ఏం బ్రీడ్ అని ఏజెంటు అడిగాడు.

“మా బజారు బ్రీడేనన్నా. కాలవ పక్కన దొరికింది. మా పాప బొరుగులు పెట్టి మచ్చిక చేసుకుంది, పేరూ అదే పెట్టింది.”

టీకాలు వేయించారు. మెడ దగ్గర చర్మం కింద గుర్తింపు చిప్ పెట్టించారు. మస్కట్ నుంచి కుక్కకు అనుమతి కూడా వచ్చింది. పెట్టెలో కుదురుగా ఉండడం ఒక్కటే మిగిలింది. మత్తుమందిచ్చి ఎక్కించడానికి వీల్లేదనీ, లోపల గింజుకుంటే విమానం వాళ్లు దింపేస్తారనీ ఏజెంటు ముందే చెప్పాడు. రోజూ కొంచెం కొంచెం అలవాటు చేయమన్నాడు. పొద్దున శరత్ చంద్ర, మధ్యాహ్నం అతను అన్నం తిని అంగడికి పోయాక సుభాషిణి. ఇద్దరూ అలా పంచుకున్నారు.

కుక్క రోజురోజుకూ చిక్కిపోయింది. పెట్టె పేరెత్తినా వణికేది.

పక్కింటి బిస్మిల్లా బీ గోడ మీదుగా తొంగి చూసింది.

“ఏంది తల్లీ, మజ్జాన్నమైతే సాలు, మీ ఇంట్లో పెట్టె పగిలిపోయేట్టు సప్పుడు. దానికి యిమానం వద్దేమో. నోరుంటే అదే చెప్పేది.”

సుభాషిణి ఆరిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇది దేనికో బాగా బెదిరిందని పశువుల డాక్టరు అన్నాడు. బిడ్డ పోయిన ఇల్లు, దానికి మాత్రం తెలియదా అన్నాడు శరత్ చంద్ర.

ఏజెంటుకు చూపించడానికి, ఆ వంతెన తప్పించి జమ్మలమడుగు మీదుగా చుట్టుదారిన, కారులో బెంగళూరు తీసుకుపోయారు. అతని ఆఫీసులో తలుపు వేసిన మరుక్షణం బొరుగు పెట్టెకు తల బాదుకుంది. మూతి చిట్లి, గౌనుకు నెత్తురంటింది. ఏజెంటే తలుపు తీశాడు. ఇది ఎగిరే కుక్క కాదు సార్ అన్నాడు. వచ్చేవి ఎండాకాలం రోజులు, అటువైపు కుక్కలను ఎక్కించుకోరని కూడా చెప్పాడు.

మస్కట్ వాళ్లు ఎండలు తగ్గేదాకా ఆగలేమన్నారు.

“జమ్మలమడుగులో మా చిన్నమ్మ వాళ్లు చూసుకుంటామన్నారు. ఆడ ఇడ్సిపెట్టి వద్దాం సుభా.”

“పాప కుక్కను పరాయి వాకిట్లో కట్టేసి రమ్మంటారా?”

అతను తనొక్కడికే టికెట్టు తీసుకున్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ప్రయాణం రోజు ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. శరత్ చంద్ర మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని చేయి చాచాడు. బొరుగు వచ్చి అతని వేళ్లు నాకింది.

“దీన్నేమీ అనగాకు. దీని తప్పేముంది,” అన్నాడు.

మళ్లీ వస్తానని అతను అనలేదు. రమ్మని ఆమె అనలేదు. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూసే ఓపిక లేదు. ఆటో మలుపు తిరిగేదాకా సుభాషిణి గడపలోనే నిలబడి, తర్వాత లోపలికొచ్చి తలుపు వేసింది.

బొరుగు మళ్లీ మంచం కింద దూరింది.

ఆమె నేల మీద వంగి, “రా బొరుగూ, ఇంక నిన్ను లోపలేసి పెట్టె మీద బాదన్లే, పాపను ఇడ్సిపెట్టి మనం యాడికీ పోం,” అంది.