నికలస్ తాతకు ఫిర్యాదు

జర్మనీలోని బాంబర్గ్ ఊళ్లో, దాల్చినచెక్క వేసిన తీపి రొట్టెల వాసన గుప్పుమంటున్న క్రిస్మస్ సంతలో, కానుకలు పంచే నికలస్ తాత ముందు పిల్లలు వరసగా నిలబడ్డారు. వాళ్ల మధ్యలో డెబ్బై ఏళ్ల వాల్‌బుర్గా కూడా నిలబడింది. తన వంతు రాగానే తాత పక్కనున్న బల్ల మీద దర్జాగా కూర్చుంది.

"నీకేం కావాలమ్మా?" అన్నాడు తాత గొంతు బొంగురు చేసి.

"నాకేం వద్దు తాతా. మా ఆయన మీద ఫిర్యాదు చేద్దామని వచ్చాను. గుండె జబ్బు మనిషి, చలిలో తిరగొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అయినా డిసెంబరు వచ్చిందంటే చాలు, రోజూ సాయంత్రం పేకాటకని చెప్పి పోతాడు. తిరిగొచ్చేసరికి ఒంటినిండా దాల్చినచెక్క వాసన."

వెనకాల పిల్లలు కిసుక్కున నవ్వారు. తాత గడ్డం సర్దుకున్నాడు.

"పోనీలే అమ్మా, పెద్దాయన. మంచి గుణాలేమీ లేవా ఆయనలో?"

"ఉండేవి. ముసలాడయ్యాక అబద్ధాలు నేర్చాడు. అవి కూడా సరిగ్గా చెప్పడం చేతకాదు."

"ఇంట్లో ఊరికే కూర్చుంటే ఊపిరాడదేమో పాపం," అన్నాడు తాత మెల్లగా. ఈసారి గొంతు బొంగురు చేయడం మర్చిపోయాడు.

వాల్‌బుర్గా తన భుజాల మీది ఉన్ని శాలువా తీసి, తాత ఎర్ర అంగీ గుండీలు విప్పి, ఛాతీ చుట్టూ శాలువా చుట్టి, మళ్లీ గుండీలు పెట్టింది.

"ఎప్పుడు కనిపెట్టావే?" అన్నాడు తాత వేషంలో ఉన్న ఓట్మార్, పిల్లలకు వినపడకుండా.

"నిరుడే," అంది మొగుడితో. "ఇవాళ చలి మరీ ఎక్కువగా ఉందని వచ్చాను."