మిగలకూడని డబ్బు

"ఇంకా మిగిలింది" అంది మహతి, కాగితం మీంచి తలెత్తకుండా.

రంగనాథ్ మనసు కలుక్కుమంది. ఖర్చుల లెక్క వేసుకునేవాళ్ళు ఎవరైనా డబ్బు మిగిలితే సంతోషిస్తారు. అతని భార్య మొహం మాత్రం వాడిపోయింది.

ప్రోగ్రామర్ల కోసం సింగపూర్ కంపెనీలు ఎగబడుతున్న రోజులవి. ఇద్దరివీ మంచి ఉద్యోగాలే. ఆ మధ్యే జురాంగ్ ఈస్ట్ నుంచి క్లెమెంటికి ఇల్లు మారారు. నిద్ర పట్టడం లేదని జిమ్‌లో చేరిన మహతి, కొన్నాళ్ళకి ఆడవాళ్ళ దేహ సౌష్ఠవం పోటీకి పేరిచ్చేసింది. దానికోసం ఒక బ్యాంకు ఖాతా మొత్తం కేటాయించింది.

ఎంట్రీ ఫీజు, ట్రైనర్ జీతం, పూటపూటకీ చికెన్, గుడ్లు. లైట్లలో కండలు తేలి కనబడాలని ఒంటికి పూసుకునే రంగు ఇంట్లోనే వేసుకుంటే చవకలో పోతుందని ట్రైనర్ చెప్పింది. మహతి వినలేదు, పార్లర్లోనే వేయించుకుంటానంది. పోటీలో వేసుకునే స్విమ్ సూట్ కొనుక్కుంటే చాలంటే, రాళ్ళు పొదిగించి మరీ కుట్టించుకుంది.

హాకర్ సెంటర్లోని చవక తిండి కొట్లలో టీకి కూడా ధర చూసి తాగే రంగనాథ్, దేనికీ అడ్డు చెప్పలేదు. ఒక్కసారి మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"కొంచెం ఉంచుదాం మహీ. రేపెప్పుడైనా పనికొస్తుంది."

మహతి కాగితం అతని ముందుకి తోసింది.

"ఆ పాస్‌బుక్ బీరువాలో ఉన్నంతకాలం ఆ గదిలో నాకు కన్ను మూతపడదండీ" అంది. "ఫొటోగ్రాఫర్ని కూడా రాయండి."

రాశాడు.

ఎదురు ఫ్లాట్ తారాదేవి ఆంటీకి ఇదంతా దండగ వ్యవహారంలా తోచింది. ఆ డబ్బుతో నాలుగు గాజులు చేయించుకోవచ్చు కదా అని ఒకటి రెండుసార్లు అననే అంది. మహతి నవ్వి ఊరుకుంది.

పోటీ రోజు ఆంటీ కూడా వచ్చి రంగనాథ్ పక్కన కూర్చుంది.

మహతి వేదిక మీదికొచ్చింది. లైట్ల కింద ఒళ్ళంతా చెక్కిన శిల్పంలా ఉంది. పొట్ట రాతి పలకలా బిగుసుకుని ఉంది. తోటివాళ్ళందరూ పళ్ళు కనబడేలా నవ్వుతున్నారు. ఆమె నవ్వలేదు. గడ్డం పైకెత్తి, ఎవరికో జవాబు చెబుతున్నట్టు నిలబడింది. బహుమతులకి పిలిచిన పేర్లలో ఆమె పేరు లేదు. అయినా చివరిదాకా అలాగే నిలబడింది.

రంగనాథ్ కళ్ళు తుడుచుకోవడం ఆంటీ చూసింది. ప్రైజు రాలేదని బాధపడుతున్నాడనుకుంది. భుజం తట్టింది.

"పోనీలే బాబూ. అయినా ఇంత డబ్బు ఇలా ధారపోశారు, దేనికని దాచుకున్నదయ్యా అది?"

రంగనాథ్ వేదిక మీంచి చూపు తిప్పలేదు.

"మా పాప కోసం ఆంటీ... ఊపిరి లేకుండా పుట్టింది."