ఆయన ముక్కు

పేరు కనపడకుండా గుడ్డ చుట్టిన సీసాలోంచి పోసిన వైన్ ఏ ప్రాంతానిదో, హాల్లో జనం ముందు వాసన చూసి చెప్పడం ఆయన వృత్తి. ఒకసారి జ్వరమొచ్చి తగ్గింది గానీ, దాంతోపాటు వాసన తెలియడమూ పోయింది.

అప్పట్నుంచి భార్య పక్కన నిలబడేది. గ్లాసు అందించే నెపంతో ముందు తను వాసన చూసి, "కొండవాలుది", "సముద్రం ఒడ్డుది, ఉప్పుగాలి తగిలింది" అని చెవిలో చెప్పేది. ఆయన కళ్లు మూసుకుని, అదే మాట గంభీరంగా పైకి అనేవాడు. హాలంతా చప్పట్లు.

ఒకరోజు హాలు యజమాని ఆమెను పక్కకు పిలిచాడు.

"ఆ ముక్కు మీదేనని నాకు తెలుసమ్మా. మా కొత్త హాలుకి మీరే రండి, మీ పేరుతోనే."

కొత్త హాలు బోర్డు మీద తన పేరు ఆమె కళ్లకు కట్టింది.

"నేను లేకపోతే ఆయనేమైపోతారండీ?" అనేసి వచ్చేసింది.

సంగతి విని ఆయన ఆమె చేతులు పట్టుకున్నాడు. "నా పరువంతా నీ చేతుల్లోనే ఉందే" అన్నాడు. ఆమెకు కడుపు నిండిపోయింది.

ఆ సంబరంలో పొయ్యి మీద పాలు మరిచిపోయి, డాబా మీద బట్టలు తీస్తోంది. కింద గదిలో పేపరు చదువుతున్న ఆయన కేకేశాడు.

"ఏమేవ్, పాలు మాడిన వాసనొస్తోంది, చూసుకోవా?"

ఆమె మెట్లు దిగొచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎప్పట్నుంచి?"

ఆయన పేపరు మడిచాడు. తల మాత్రం ఎత్తలేదు.

"ఏడాదైంది. వాసనైతే వచ్చింది గానీ... నా ముక్కు ఏనాడూ నీ ముక్కంత మంచిది కాదే."