ఆపరేషన్ అయిన మనిషి

డాక్టర్ సూర్యకళే పోతమ్మని చంపింది. తొమ్మిదేళ్ళుగా వరహాలు చెప్పేది ఇదే. అతని పెళ్ళాం కడుపునొప్పితో పొద్దున్న ఆవిడ ఆస్పత్రి గడప తొక్కింది, సాయంత్రానికి లేదు. ఒడ్డున వలలు బాగుచేస్తూ పేటలో అందరికీ చెప్పాడు. వినేవాళ్ళు విసుక్కున్నా మానలేదు.

ఇవాళ అల్లుడు కోటి గాజువాకలో ఆ ఆస్పత్రి ముందే ఆటో ఆపించాడు. వరహాలు దిగనన్నాడు. ఇంకెక్కడికైనా పొమ్మన్నాడు. కూతురు ధనశ్రీ కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. పెదాలు తెల్లబడ్డాయి. కోటి మామ మాట వినలేదు. భార్యని ఎత్తుకుని లోపలికి నడిచాడు.

డాక్టరమ్మ వరహాలుని గుర్తుపట్టింది. చూపు తిప్పేసుకుంది. ధనశ్రీ పొట్ట నొక్కి చూసి, భుజం కూడా లాగుతోందా అని అడిగింది. లాగుతోందంది ధనశ్రీ. నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగితే మాత్రం మొగుడి వంక చూసింది.

"గర్భం టెస్టు చెయ్యాలి," అంది డాక్టరమ్మ.

కోటి మొహం మారిపోయింది. "ఏటండీ ఆ మాట? దీనికి పిల్లల్లేకుండా ఆపరేసనై నాలుగేళ్ళయింది. నెల్రోజులుగా నాను పారాదీప్‌లో వెల్డింగ్ పనిలో ఉన్నాను. నిన్న దిగాను. కడుపెలగొస్తాది?"

ఆపరేషన్ అయినా ఎక్కడో ఒకరికి గర్భం వస్తుందని డాక్టరమ్మ చెప్పబోయింది.

"మా ఆడమనిసిని మాటలనిపించడానికి రాలేదు మేము." కోటి ధనశ్రీని బల్ల మీంచి లేవదీశాడు.

వరహాలు వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"దింపు."

"ఈవిడ దగ్గరకి వద్దన్నది నువ్వే కదా మావా?"

"దింపు కోటీ. అమ్మా, మీరు టెస్టు సెయ్యండి."

టెస్టులో రెండు గీతలు వచ్చాయి. స్కాన్‌లో కడుపు నిండా రక్తం కనిపించింది. ఆపరేషన్‌లో ముడేసిన గొట్టంలోనే గర్భం నిలిచి, పెరిగి, గొట్టం పగిలిందని డాక్టరమ్మ చెప్పింది. భుజం లాగేది ఆ రక్తానికేనంది. అది కోటి ఊరెళ్ళక ముందు వచ్చిన గర్భమేనని కూడా చెప్పింది. కోటి తలెత్తలేదు. కాగితం ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టాడు.

పగిలిన గొట్టం తీసేశారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. మధ్యాహ్నానికి ధనశ్రీ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదని నర్సు అంది.

వరండాలో కోటి మామ పక్కన వచ్చి కూర్చున్నాడు.

"అత్తని ఈవిడే సంపీసిందని ఇన్నేళ్ళూ సెప్తన్నావు. మరీవేళ ఈవిడ మాటెందుకు ఇన్నావు మావా?"

వరహాలు లేచి నిలబడ్డాడు.

"ఆ ఊసు మళ్ళీ నా కాడ ఎత్తకు. నాను బతికుండగా సెప్పను."

తొమ్మిదేళ్ళ కిందట, ఆపరేషన్ అయిన మనిషికి గర్భం టెస్టేమిటని పోతమ్మని ఆ బల్ల మీంచి లేవదీసి ఇంటికి తీసుకుపోయింది వరహాలే.